అమరరాజా లెక్కలు: అమ్మకాలు, లాభం, పాలన మూడూ ఒకటి కాదు

రేణిగుంట–కడప రోడ్డు మీద కరకంబాడి దగ్గర ఉదయం, సాయంత్రం షిఫ్టు మారే వేళ బస్సులు వరుస కడతాయి. చుట్టుపక్కల పల్లెల్లో వేల ఇళ్లకు అమరరాజా అంటే నెల జీతం. స్టాక్ మార్కెట్‌లో అది ఒక షేరు. ఆటో నడిపేవారికి అమరాన్ బ్యాటరీ. ఇంతమంది బతుకుతో ముడిపడిన కంపెనీ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే మూడు విషయాలు వేరువేరుగా చూడాలి: వ్యాపార వ్యూహం, ఆర్థిక ఫలితాలు, కార్పొరేట్ పాలన.

వ్యూహం: తెలిసినవాళ్లతో చేయి కలపడం

చిత్తూరు జిల్లా పేటమిట్టకు చెందిన ఇంజనీరు గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి 1985లో కంపెనీ పెట్టారు. మొదట టెలికాం వంటి సంస్థలకు కావాల్సిన పారిశ్రామిక బ్యాటరీల మీద దృష్టి పెట్టారు. వాహనాల బ్యాటరీల్లోకి దిగేటప్పుడు ఒంటరిగా దిగలేదు. 1997లో అమెరికా సంస్థ జాన్సన్ కంట్రోల్స్‌తో ఒప్పందం కుదిరింది. ఇద్దరికీ చెరి 26 శాతం వాటా. టెక్నాలజీ వాళ్లది, ఫ్యాక్టరీ, మార్కెట్ వీళ్లది. 2000లో అమరాన్ బ్రాండ్ వచ్చింది. తర్వాత చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లిలో రెండో పెద్ద కేంద్రం వెలసింది.

2019లో ఆ ఒప్పందం ముగిసింది. జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారాన్నే అమ్మేసింది. ఆ వ్యాపారం క్లారియోస్ అయింది. క్లారియోస్ కూడా 2023 నాటికి తన వాటా మొత్తం అమ్ముకుని తప్పుకుంది.

ఫలితాలు: అమ్మకాలు పెరిగినా లాభం తగ్గొచ్చు

2020-21లో కంపెనీ ఆదాయం సుమారు 7,150 కోట్ల రూపాయలు, నికర లాభం 647 కోట్లు. మరుసటి ఏడాది ఆదాయం 8,700 కోట్లకు చేరింది. లాభం మాత్రం 513 కోట్లకు పడిపోయింది. ముడిసరుకు ధరలే ఇందుకు ప్రధాన కారణం. బ్యాటరీలో పెద్ద ఖర్చు సీసానిది. సీసం ధర పెరిగితే ఆ భారమంతా వెంటనే కొనేవాడి మీద వేయలేరు. 2022-23లో ఆదాయం తొలిసారి 10 వేల కోట్లు దాటింది. పేపర్లో "రికార్డు అమ్మకాలు" అని కనబడితే పక్కనే లాభం ఎంతో కూడా చూడాలి.

పాలన: ఇంటి కంపెనీ, పదిమంది సొమ్ము

షేర్లు మార్కెట్‌లోకి వచ్చాక కంపెనీ ఒక్క కుటుంబానిది కాదు. 2021లో రామచంద్ర నాయుడు తప్పుకోగా కుమారుడు గల్లా జయదేవ్ చైర్మన్ అయ్యారు. మూడో తరం వాళ్లు డైరెక్టర్లుగా వచ్చారు. ఇలా ప్రమోటరే చైర్మన్‌గా ఉన్న లిస్టెడ్ కంపెనీ బోర్డులో కనీసం సగం మంది స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలని సెబీ నియమం. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఆడిట్ కమిటీ కూడా తప్పనిసరి.

ఈ నియమాలు ఎందుకో ఒక ఉదాహరణ చాలు. బ్యాటరీల ప్లాస్టిక్ భాగాలు ప్రమోటర్లకే చెందిన మంగళ్ ఇండస్ట్రీస్ నుంచి వచ్చేవి. ఆ ప్లాస్టిక్ వ్యాపారాన్ని విలీనం చేసుకోవాలని 2022లో నిర్ణయించారు. బదులుగా కొత్త షేర్లు ఇచ్చారు. దాంతో ప్రమోటర్ల వాటా సుమారు 28 నుంచి 33 శాతానికి పెరిగింది, మిగతావారిది ఆ మేరకు తగ్గింది. కొనేదీ అమ్మేదీ ఒకే కుటుంబమైతే ధర ఎవరు కట్టాలి? అందుకే స్వతంత్ర మదింపు, వాటాదారుల ఓటు, ఎన్‌సీఎల్‌టీ ఆమోదం అవసరమవుతాయి.

పాలనకు మరో పరీక్ష ఫ్యాక్టరీ గోడల దగ్గర ఎదురవుతుంది. సీసం విషం. పనివాళ్ల రక్తంలోకి, ఊరి నీళ్లలోకి చేరకూడదు. కాలుష్య నియమాలు పాటించలేదంటూ 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి రెండు కేంద్రాల మూసివేతకు ఆదేశాలిచ్చింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లగా వారంలోపే ఆ ఆదేశాలు తాత్కాలికంగా ఆగాయి. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 జనవరి 30న చిత్తూరు ప్లాంటులో భారీ అగ్నిప్రమాదం జరిగింది. లాభనష్టాల పట్టికలో ముందుగా కనిపించని ముప్పులివి.

ముందున్న ప్రశ్న

2023లో కంపెనీ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. లిథియం బ్యాటరీల కోసం తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని ప్రకటించింది. 2023-24 నికర లాభం దాదాపు 900 కోట్లు. అంటే ఆ స్థాయి లాభాన్ని పదేళ్లపాటు పైసా మిగలకుండా పెట్టినా ఆ మొత్తానికి కాస్త తక్కువే. ఇప్పటికీ ప్రధాన ఆదాయం కరకంబాడి, నూనెగుండ్లపల్లిలో తయారయ్యే సీసం బ్యాటరీలదే.

అందుకే షేరు కొన్నవారైనా, షిఫ్టుకు వెళ్లేవారైనా వార్షిక నివేదికలో నాలుగు చోట్ల ఆగాలి: ఆదాయంతో పోలిస్తే లాభం, సంబంధిత పక్షాలతో లావాదేవీలు, ఆడిటర్ అభిప్రాయం, పర్యావరణం–కార్మిక భద్రత వివరాలు. ఈ నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది.