క్షతగాత్రులకై కదలిన జనము

1861 ఏప్రిల్ మాసమున అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము రగుల్కొనగనే, ఉత్తరదేశమున ఊరూర స్త్రీలు కూడి, దండులో చేరిన తమ బిడ్డలకొఱకు పాతబట్టలు చించి కట్లు చుట్టుటకును, మేజోళ్లు అల్లుటకును, పండ్లపాకములు జాడీల కెత్తుటకును పూనుకొనిరి. వారి ప్రేమకు కొఱత లేదు; అది చేరవలసినచోటికి చేరు మార్గమే లేకుండెను. రైలుబండ్లలో జాడీలు పగిలి పాకము బట్టలపై నొలికెను. మూటలు తమ పటాలమును వెదకుచు దారిలోనే పాడయ్యెను.

ఆ మార్గమును కల్పించినది శానిటరీ కమిషన్. అమెరికాలో వైద్యపట్టమందిన ప్రథమ మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ ప్రోద్బలమున న్యూయార్కు స్త్రీలు సహాయసంఘ మొకటి నెలకొల్పగా, హెన్రీ బెల్లోస్ అను మతాచార్యుడు కొందఱు వైద్యులను వెంటనిడుకొని వాషింగ్టనుకేగి, క్రిమియా యుద్ధమున ఫ్లారెన్సు నైటింగేలు చూపిన పారిశుద్ధ్యపు త్రోవను ప్రభుత్వమునకు బోధించెను. ఈ కమిషన్ బండికి అయిదవ చక్రమగునేమో యని శంకించియు అధ్యక్షుడు లింకను ఆ జూను మాసముననే అనుమతి నొసగెను. బెల్లోస్ అధ్యక్షుడును, న్యూయార్కు సెంట్రల్ పార్కును రూపొందించిన ఫ్రెడరిక్ ఓల్మ్‌స్టెడ్ కార్యదర్శియునైరి.

ఈ అంతర్యుద్ధమున అసువులు బాసిన ప్రతి మువ్వురిలో ఇరువురు గుండుదెబ్బకుఁ గాక, అతిసారమునకును, సన్నిపాతజ్వరమునకును, తత్సదృశములైన ఇతర రోగములకును బలియైరని చరిత్రకారు లంచనా వేయుచున్నారు. సూక్ష్మజీవుల సంగతి అప్పటి వైద్యులకింకను తెలియకున్నను, కమిషన్ పరీక్షకులు శిబిరము శిబిరమునకు తిరిగి, త్రాగునీరెచ్చటిదో, మరుగుగుంట లెంతదూరమో, డేరాలలో గాలియాడునో లేదో విచారించి, సేనాధికారుల అలసత్వమును నిర్మొగమాటముగా నివేదించిరి. చిగుళ్లు వాచి రక్తము కాఱు స్కర్వీవ్యాధి 1863లో విక్స్‌బర్గు ముంగిటనున్న సేనను పీడింపగా, చికాగో శాఖవారి పిలుపు విని పల్లెలవారు బంగాళాదుంపలను, ఉల్లిగడ్డలను పీపాలకొలది పంపిరి. రణరంగమున ఫిరంగుల మోత వర్ణించు చరిత్రకారులు ఈ ఉల్లిగడ్డలను విస్మరింతురు గాని, సేనను నిలువబెట్టిన శక్తులలో ఇవియు నొకటియని నా దృఢవిశ్వాసము.

1862లో వర్జీనియా ద్వీపకల్పమున పోరు సాగినపుడు కమిషన్‌వారు ఓడలను ఆసుపత్రులుగా మార్చి రోగులను నదులవెంట ఉత్తరమునకు చేర్చిరి. అప్పుడు సంపన్నగృహములనుండి వచ్చిన స్త్రీలు నెత్తురంటిన నేలలపై రేయింబవళ్లు శుశ్రూష సలిపిరి. ఆ యేటి చివర, ఏ ఆసుపత్రిలో ఏ సైనికుడున్నాడో తెలుపు పట్టికనొకటి ఏర్పఱచి, బిడ్డ జాడ తెలియక తల్లడిల్లు తలిదండ్రుల జాబులకు ప్రత్యుత్తరములీయసాగిరి. కమిషన్ కార్యములన్నింటిలో నన్ను మిక్కిలి కరగించునది యిదియే.

ఇంతటి వ్యయమునకు ధనము జనమే సమకూర్చెను. మేరీ లివర్‌మోర్, జేన్ హోజ్ అను వనితలు చికాగోలో 1863లో జరిపిన జాతరకు, లింకను దాస్యవిమోచన ప్రకటన స్వహస్తలిఖిత ప్రతిని పంపగా అది 3,000 డాలర్లకు అమ్ముడుపోయెను. మఱుసటియేడు న్యూయార్కు జాతరవలన పదిలక్షల డాలర్లకు పైగా సమకూడెను. నెవాడాలోని ఆస్టిన్ పట్టణమున పందెమోడిన గ్రిడ్లీ అను వర్తకుడు మోసిన 50 పౌన్ల పిండిబస్తాను జనులు వేలములో కొని, మరల వేలమునకే తిరిగియిచ్చి, ఊరూర అట్లే అమ్మి కమిషనుకు ద్రవ్యమర్పించిరి.

వచ్చిన వస్తువులు ఏ తల్లి కుమారునికో, ఏ రాష్ట్రపు పటాలమునకో గాక, అక్కఱ యెచ్చటనున్నదో అచ్చటికే పోవలెనని కమిషన్ పట్టుబట్టెను. తన బిడ్డకై చేసిన మురబ్బా పరాయిబిడ్డ నోటికి పోవుటకు సమ్మతించుట ఏ తల్లికైనను సులభము కాదు. కొందఱు నొచ్చుకొనిరి, పెక్కుమంది సమ్మతించిరి. గెట్టిస్‌బర్గు పోరులో శత్రుపక్షపు క్షతగాత్రులకును ఈ వస్తువులంది ప్రాణములు నిలిపెను. ఆ యుద్ధమున ఉత్తరదేశ ప్రజలు సాధించిన నైతికవిజయములలో దీనిని నేను అగ్రస్థానమున నిలుపుదును.

యుద్ధానంతరము 1866లో కమిషన్ ముగిసినను బెల్లోస్ విశ్రమింపక, క్షతగాత్రుల రక్షణకై 1864లో యూరపు దేశములు చేసికొన్న జెనీవా ఒప్పందమున అమెరికాయు చేరవలెనని ప్రయత్నించెను. అమెరికా దానిని 1882 మార్చి మాసమున అంగీకరించెను. బెల్లోస్ ఆ జనవరిలోనే పరమపదించెను.