పాటకు నకలు



ఒక్క ప్రతి మాత్రమే ఉన్న దస్తావేజు ఎప్పటికైనా ప్రమాదమేనని కొలువు చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. కాగితానికైతే నకలు తీయవచ్చు. మరి పాటకో? మన పానగల్ పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద నాట్యకత్తెల శిల్పాలు చూస్తూనే ఉన్నాము. వారు ఏ పాటకు అడుగు వేశారో మాత్రం రాయి చెప్పదు.

ఈ చిక్కును ఐరోపా వారు అచ్చుతో తీర్చుకున్నారు. అక్కడ స్వరాన్ని గీతల మీద గుర్తులుగా వ్రాసే పద్ధతి ముందునుంచే ఉన్నది. కాని పలు గొంతులు కలిపి పాడే పాటలకు చేతివ్రాత ప్రతులే ఆధారం. వెనిస్ నగరంలో ఒట్టావియానో పెత్రుచ్చి అనే ముద్రాపకుడు 1498లో ప్రభుత్వం నుండి ఇరవై ఏండ్ల హక్కు పొంది, 1501లో 96 రచనల సంపుటి అచ్చువేశాడు. గీతలు, స్వరాలు, అక్షరాలు వేరువేరుగా పడాలి కనుక ఒకే కాగితాన్ని రెండు మూడు మార్లు యంత్రానికి ఎక్కించేవాడు. పని అందంగా ఉండేది, ఖర్చు మాత్రం ఎక్కువ. 1528 నాటికి పారిస్‌లో పియెర్ అతేన్యాన్ స్వరమూ గీతముక్కా ఒకే అచ్చుదిమ్మలో పోతపోయించి, ఒక్క దెబ్బతో ముద్రించసాగాడు. దానితో ఖర్చు తగ్గింది, పాట మరింతమందికి చేరింది.

సరిగా ఆ రోజులలోనే, 1503లో, తిరుమలలో అన్నమాచార్యులు పరమపదించారు. వారి కుమారుడు పెద తిరుమలాచార్యులు కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. ముప్పదిరెండు వేలు రచించారని ప్రతీతి. మనకు దక్కినవి పన్నెండు వేలకు పైగా. రేకుల మీద సాహిత్యమున్నది, రాగం పేరున్నది, స్వరం లేదు. అందుకే ఇరవయ్యవ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివంటి వారు వాటిని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. మనము వినేది అన్నమయ్య మాటే గాని, అన్నమయ్య బాణీ కాదు.

ఆ లోటు తెలిసి పూనుకొన్నవారిలో మద్రాసు సచివాలయ ఉద్యోగి ఒకరుండటం మనకు గర్వకారణం. చిన్నస్వామి మొదలియారు గారు కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేయించారు. వారి ప్రోద్బలం, ఎట్టయపురం సంస్థానం పోషణ తోడై, సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించారు. అది తెలుగు లిపిలోనే అచ్చయినది. గమకాలకు ప్రత్యేక గుర్తులు కూడా పెట్టారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా స్వరంతో సహా అందులో నిలిచాయి.

మన ఇండ్లలోని బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, తొట్టెల పాటలు ఏ రాగిరేకుకూ ఎక్కలేదు. పాడే పెద్దమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మాట వ్రాసి ఉంచితే సగం పనే అవుతుంది. మనుమడి చేతి సెల్‌ఫోన్‌లో గొంతు కూడా పట్టించండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ వేయడం మరువకండి. రెండో ప్రతి వేరే ఇంట్లో ఉంచండి. ఈ పని మనకు చేతనైనదే.