వెనీరా, క్యాపా? : నీళ్ళు రాసిన నవ్వుల చరిత్ర

మన ఐటీ జనాల్లో ఈ మధ్య నవ్వు మీద పట్టింపు బాగా పెరిగింది. వీడియో కాల్స్ పుణ్యమా అని రోజూ గంటల తరబడి మన మొహం మనమే చూసుకోవాల్సి వస్తోంది కదా! దాంతో "వెనీర్లు వేయించుకోవాలా, క్యాపులు వేయించుకోవాలా" అన్న ప్రశ్న మామూలైపోయింది. (డాక్టర్లు క్రౌన్ అనేదాన్నే మనవాళ్ళు క్యాప్ అంటారు. నేనూ అదే అంటాను.) చాలామందికి ఇదో సరదా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం సరదా కాదు. ఫోటో తీసేటప్పుడు పెదాలు బిగించేవాళ్ళనీ, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళనీ మీరు చూసే ఉంటారు. ఇంటర్వ్యూలో, పెళ్ళిచూపుల్లో ఎదుటివాళ్ళు ఒక్క చూపు చూసి "గారపళ్ళు, సరిగ్గా తోముకోరేమో" అనేసుకుంటారు.

ఎంత తోమినా అది పోదండీ. అది పంటిమీద పట్టిన మరక కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడిపోయిన మరక. పేరు ఫ్లోరోసిస్. చిన్నప్పుడు తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటిమీది ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. మొదట సుద్దలాంటి తెల్ల చారలు, తర్వాత పసుపు, గోధుమరంగు. ముదిరితే గుంటలు పడి పెచ్చులూడుతుంది. ఇదంతా పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ లోపు జరిగే వ్యవహారం. పెద్దయ్యాక ఆ ఊరికి వెళ్ళి ఎన్నేళ్ళు ఉన్నా పళ్ళకి ఈ మరక రాదు (ఎముకల సంగతి వేరే).

అనంతపురం జిల్లాకే ఎందుకీ ఖర్మ అంటే, కారణం నేలలో ఉంది. కింద గ్రానైటు, నైస్ రాళ్ళు, వాటిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు. పైన వాన తక్కువ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. నీళ్ళు రాళ్ళలో ఎక్కువ కాలం నిలవుంటే ఫ్లోరైడ్ కరుగుతుంది, నీళ్ళలో కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. చెరువులు, దిగుడు బావులు ఎండిపోయి బోర్లు లోతుకి వెళ్ళేకొద్దీ మనం తాగేది ఆ పాత నీళ్ళే. (2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారింది గానీ కింద రాయి మారలేదు లెండి.)

ఈ మరకల కారణం కనిపెట్టిన కథ మంచి డిబగ్గింగ్ కథ. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలు. 1909లో ఆ కాలపు పెద్ద దంతవైద్యుడు జి.వి. బ్లాక్ కూడా వచ్చి చేరాడు. ఇద్దరూ గమనించింది రెండు విషయాలు. పెద్దయ్యాక వలస వచ్చినవాళ్ళకి మరకలు లేవు. మరకలున్న పళ్ళు త్వరగా పుచ్చిపోవడంలేదు. నీళ్ళ మీద అనుమానమైతే వచ్చింది గానీ, అప్పటి పరీక్షల్లో నీళ్ళలో ఏమీ దొరకలేదు. 1920లలో ఐడహోలోని ఓక్లీ అనే ఊళ్ళో మెకే సలహా మీద తాగునీటి ఊటనే మార్చేశారు. కొన్నేళ్ళకి అక్కడి చిన్నపిల్లలకి మామూలు పళ్ళు వచ్చాయి. అంటే బగ్ ఎక్కడుందో తెలిసింది, ఏమిటో తెలీలేదు.

అది తెలిసింది 1931లో. బాక్సైట్ అనే ఊళ్ళో పిల్లల పళ్ళకీ ఇవే మరకలు. అది ఆల్కోవా అల్యూమినియం కంపెనీ ఊరు. నెపం తమ అల్యూమినియం మీదకి వస్తుందేమోనని కంపెనీ ముఖ్య రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళని మరింత సూక్ష్మంగా పరీక్ష చేయించాడు. లీటరుకి దాదాపు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దొరికింది! (మన దేశంలో ఇప్పుడు ఉండదగిన హద్దు 1, తప్పనిసరైతే 1.5.) తర్వాత ట్రెండ్లీ డీన్ మరకల తీవ్రతకి తరగతులు కట్టాడు: అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఈ తరగతులు గుర్తుపెట్టుకోండి, మన ప్రశ్నకి జవాబు వీటిలోనే ఉంది.

చర్చిల్ కనిపెట్టిన ఆరేళ్ళకే, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. పళ్ళే కాదు, ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగిపోయిన మనుషుల గురించి. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద జరిగిన తొలి పరిశోధనల్లో ఇదొకటి. అదీ తెలుగు నేల మీద. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఈ శాస్త్రంలో మన ఊళ్ళ పేర్లు ఇలా ఎక్కాయి, ఏం చేస్తాం!

సరే, ఇక అసలు ప్రశ్న. క్యాప్, వెనీర్ రెండూ ఎక్కడివి?

క్యాప్ పెద్దన్న. డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు 1880ల చివర్లో పలచని ప్లాటినం రేకు మీద పింగాణీ కాల్చి పంటికి తొడుగు చేశాడు. (అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా విమానం నడిపిన లిండ్‌బర్గ్ ఈయన మనవడే, కూతురి కొడుకు.) ఆ తొడుగు విరిగిన పంటికి, పుచ్చిన పంటికి పుట్టింది. పంటిని చుట్టూరా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు అరగదీసి, మిగిలిన మొద్దు మీద టోపీలా పెడతారు. 1960లలో లోహం మీద పింగాణీ వచ్చింది, ఆ తర్వాత జిర్కోనియా. పదార్థం మారింది గానీ సూత్రం అదే.

వెనీర్ పుట్టింది సినిమా కోసం. 1930ల నాటికి హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ నటుల పళ్ళకి పలచటి పెచ్చులు చేసి కట్టుడు పళ్ళ జిగురుపొడితో అంటించేవాడు. షూటింగ్ అయిపోగానే తీసెయ్యాలి, వాటితో భోంచెయ్యడం కుదరదు. మేకప్పు లాంటిదన్నమాట. వాటిని శాశ్వతంగా అంటించే దారి 1955లో మైఖేల్ బ్యూనకోర్ చూపించాడు. కార్ఖానాల్లో లోహానికి రంగు బాగా పట్టడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని గమనించి, అదే పని ఎనామెల్ మీద చేశాడు. ఆమ్లం తిన్నచోట కంటికి కనపడని గరుకు ఏర్పడి, రెజిన్ అందులో వేళ్ళు దిగినట్టు పట్టుకుంది. 1983 ప్రాంతంలో సైమన్‌సెన్, కలామియా రెండోవైపు సంగతి తేల్చారు: పింగాణీ పెచ్చు లోపలి తలాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేస్తే అదీ గట్టిగా పట్టుకుంటుంది.

చూశారా తమాషా? హైడ్రోఫ్లోరిక్ అంటే ఫ్లోరినే. ధర్మవరం పిల్లాడి పంటిని పాడుచేసిందీ ఆ మూలకమే, ఆ పాడు కప్పే పెచ్చుని అతుక్కునేలా చేసేదీ ఆ మూలకమే.

ఈ చరిత్రలోంచే జవాబు వస్తుంది. వెనీర్ నిలబడేది ఎనామెల్ మీద. ఫ్లోరోసిస్ దెబ్బ కొట్టేది సరిగ్గా ఆ ఎనామెల్నే. ఫ్లోరోసిస్ పంటిలో పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు, కింది పొర గుల్లగా ఉంటుంది. అందుకే ఈ పళ్ళు ఎరిగిన డాక్టరు ఆ పైపొర కొంచెం అరగదీయడమో, ఆమ్లం ఎక్కువసేపు ఉంచడమో చేస్తారు. ఇది తెలీనిచోట వెనీరు ఊడిపోతుంది, "మీ పళ్ళకి వెనీర్లు నిలవవు, క్యాపులే గతి" అన్న మాట పుడుతుంది.

మరి క్యాపు ఖరీదు ఎంత? డబ్బు సంగతి కాదు నేను అడిగేది. 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ ముందుపళ్ళ మీద కొలిచి చూశారు. వెనీర్ కోసం పైకి కనిపించే పంటిలో పోయేది 3 నుంచి 30 శాతం. పూర్తి క్యాపు కోసం పోయేది 63 నుంచి 72 శాతం. రెంటిలోనూ రోల్‌బ్యాక్ లేదు, అరగదీసిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. కానీ ఒకటి చిన్న ప్యాచ్, ఇంకోటి మొత్తం తిరగరాయడం. పైగా ఏదీ జీవితాంతం ఉండదు. పాతికేళ్ళకి ఎనిమిది క్యాపులు వేయించుకున్న కుర్రాడు అరవై దాటేలోపు వాటిని రెండు మూడుసార్లు మార్పించుకోవాలి. మార్చిన ప్రతిసారీ లోపలి మొద్దు ఇంకొంచెం చిన్నదవుతుంది. కొన్నిటికి నరం చచ్చి రూట్ కెనాల్ దాకా వస్తుంది.

అసలు చాలామందికి రెండూ అక్కర్లేదు, ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు. డీన్ తరగతుల్లో స్వల్పం దాకా ఉన్నవాళ్ళకి బ్లీచింగ్, మైక్రో అబ్రేషన్ (ఆమ్లం కలిపిన మెత్తటి పొడితో పైపొర రుద్దడం), రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ తరచుగా సరిపోతాయి. ఇవేం కొత్తవీ కాదు. ఆమ్లంతో మరకలు తీయడం 1916లోనే కొలరాడో స్ప్రింగ్స్‌లో చేశారు. రాత్రిపూట ట్రేలో జెల్ పెట్టుకునే బ్లీచింగ్ 1989 నాటిది, రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ 2009లో బజారుకొచ్చింది. మధ్యస్థమైతే, రంగు ముదురుగా ఉండి ఎనామెల్ గట్టిగా ఉంటే, వెనీర్. తీవ్రమై గుంటలు పడి అంచులు విరిగినవాటికి, అంతకుముందే రూట్ కెనాల్ అయినవాటికి క్యాప్. ఒకే నోట్లో రెండు పళ్ళకి క్యాపు, నాలుగింటికి వెనీర్, మిగతావాటికి బ్లీచింగ్ కూడా రావచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పెళ్ళి మూడు వారాలుందనగా, ఆరోగ్యంగా ఉన్న పళ్ళకి రూట్ కెనాల్ చేసి వరసగా క్యాపులు తగిలిద్దాం అని ఎవరైనా అంటే, నమస్కారం పెట్టి ఇంకో డాక్టర్ని అడగండి. అడగాల్సినవి మూడు: నాది ఏ తరగతి? తక్కువ కోతతో మొదలుపెట్టి చూడొచ్చా? నా పంట్లో ఎంత పోతుంది? బ్లీచింగ్ చాలకపోతే రేపు వెనీర్‌కి వెళ్ళొచ్చు, వెనీర్ నుంచి క్యాపుకీ వెళ్ళొచ్చు. వెనక్కి మాత్రం దారి లేదు.

చివరగా నీళ్ళ సంగతి. 1388 నాటి ఒక శాసనం గౌరీబిదనూరు వైపు దొరికింది. పెనుకొండలో ఉన్న విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెన్న నీళ్ళు ఊరికి తెమ్మని ఆజ్ఞాపిస్తే, సింగయభట్టు అనే జలశాస్త్రవేత్త సిరువెర చెరువుకి కాలువ తవ్వించాడని అందులో ఉంది. ఆరు వందల ఏళ్ళ తర్వాత కథ మళ్ళీ అదే. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకి పైగా పల్లెలకి నీళ్ళిచ్చింది, 1999 నవంబరులో తపాలా శాఖ దానిమీద స్టాంపు కూడా వేసింది. 2016లో హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకి చేరాయి. ఓక్లీలో మెకే చేయించినదీ ఇదే పని.

మీ నవ్వు సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఊళ్ళో అక్కావాళ్ళ పాప సంగతి మీరు చూడొచ్చు. ముందుపళ్ళ ఎనామెల్ మొదటి నాలుగైదేళ్ళలోనే తయారైపోతుంది. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా తీయలేదు, ఆర్వో తీస్తుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్షకి ఇచ్చి రండి. ఒక్క వెనీరు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువే అవుతుంది.