అంగుళాలు చెప్పని సంగతి

చిత్తూరు జిల్లా కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఒకటి ఉన్నది. అక్కడ శిక్షణ పొందినవారైనా, మరెక్కడి గణితోపాధ్యాయులైనా పైథాగరసు సిద్ధాంతాన్ని బోధించేటప్పుడు సాధారణంగా చెప్పే ఉదాహరణ 3, 4, 5 భుజాల త్రిభుజం. కంప్యూటరు తెరల చరిత్రలోను ఈ త్రిభుజానికి స్థానం ఉన్నది. పాఠశాలకు తెర కొనదలచినవారు దీనిని మరువరాదు.

తెర పరిమాణాన్ని కర్ణం వెంబడి, అనగా మూల నుండి ఎదుటి మూలకు కొలిచి చెప్పడం టెలివిజన్ నాటి ఆచారం. 1890 తరువాతి సంవత్సరాలలో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ రూపొందించిన చలనచిత్ర ఫిలింపై బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3. టెలివిజన్, ఆపైన కంప్యూటరు ఈ నిష్పత్తినే స్వీకరించినవి. ఆనాటి తెర బరువైన గాజుగొట్టపు ముఖభాగమే. దాని అంచు కొంత చట్రం వెనుక దాగి ఉండేది.

ఆ గొట్టాన్ని తొలగించినది ద్రవస్ఫటికం. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక వింత పదార్థాన్ని పరిశీలించాడు. అది 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి మసకగా ఉండి, 178.5 డిగ్రీల వద్ద తేటపడినది. మసకగా ఉన్న స్థితిలో అది ద్రవమువలె పారుతుంది. స్ఫటికమువలె కాంతిని మార్చుతుంది. ఎనభై ఏండ్లు ఇది వింతగానే మిగిలినది. 1968లో అమెరికాలో హైల్‌మయర్ బృందం దీనితో తెరను చేసి చూపినది. 1970లో స్విట్జర్లాండులో షాట్, హెల్‌ఫ్రిష్ మరింత మేలైన పద్ధతిని కనిపెట్టారు.

ఆ పద్ధతి ఇది. రెండు ధ్రువణ ఫలకాలను ఒకదానికొకటి అడ్డంగా నిలిపితే కాంతి దాటదు. నడుమ ఉన్న ద్రవస్ఫటికపు అణువులు 90 డిగ్రీలు మెలితిరిగి ఉంటే, కాంతి వాటితోపాటు తిరిగి బయటికి వస్తుంది. విద్యుత్తు ప్రయోగిస్తే మెలిక విడిపోయి ఆ చోటు చీకటి అవుతుంది. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలు. అనగా 62,20,800 చిన్న తలుపులు!

ఇట్టి తెరను పక్కనుండి చూస్తే రంగులు మారేవి. 1977లో మన పొరుగున, బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్ళవంటి అణువులు గల కొత్తరకం ద్రవస్ఫటికాలను కనుగొన్నారు. 1990 తరువాత జపానులో ఇట్టి అణువులతో చేసిన పలుచని పొర ఈ లోపాన్ని చాలావరకు తగ్గించినది.

ఇక వెడల్పు సంగతి. 1980 తరువాత కొత్త టెలివిజనుకై 16:9 నిష్పత్తిని ఎంచుకొన్నారు. కంప్యూటరు తెరలు మొదట 16:10కి, సుమారు 2008 నుండి 16:9కి మారినవి. టెలివిజను తెరకూ దీనికీ ఒకే ఆకారం ఉంటే తయారీ సులభం. తెరల పరిశ్రమ ఇప్పుడు మనకు దూరం కాదు. తిరుపతి చెంత వికృతమాలలో టి.సి.ఎల్. సంస్థ తెరల కర్మాగారానికి 2018లో శంకుస్థాపన జరిగినది.

ఇప్పుడు లెక్క వేయండి. కర్ణం 20 అంగుళాలైతే 4:3 తెర వెడల్పు 16, ఎత్తు 12. వైశాల్యం 192 చదరపు అంగుళాలు. అదే కర్ణంతో 16:9 తెర వెడల్పు 17.4, ఎత్తు 9.8, వైశాల్యం సుమారు 171 మాత్రమే. పెట్టెపై అంకె మారలేదు; తెర మాత్రం తొమ్మిదో వంతు తగ్గినది! చలనచిత్రానికి, రెండు పుటలను పక్కపక్కన ఉంచడానికి వెడల్పు మేలే. నిలువుగా ఉన్న పుటను చదువుకొనేవారికి ఎత్తు ముఖ్యం. కనుక కర్ణంతోపాటు నిష్పత్తిని కూడ అడగాలి. మీ పాఠశాలలోని తెరను విద్యార్థులచేత స్కేలుతో కొలిపించండి. సిద్ధాంతం నల్లబల్ల దిగి పనిలోకి వస్తుంది.