కాంతికణముల తాళపుచెవి

నాగిరెడ్డిపేటనుండి హైదరాబాదునకు ఒక రహస్యపు జాబు పంపవలెనన్న పెట్టెలో పెట్టి తాళము వేసి పంపవచ్చును. కాని తాళపుచెవి అవతలివానికి చేరుట యెట్లు? దానిని కూడ అదే దారిని పంపినచో, త్రోవలో ఎవడైనను మైనముపై అచ్చు తీసికొని యథాతథముగా అందజేయవచ్చును. అచ్చు తీసిన గుర్తు తాళపుచెవిపై మిగులదు. రహస్య సంకేతములతో పని చేయువారికి తరతరములుగా ఉన్న చిక్కు ఇదియే.

అచ్చు తీసిన వెంటనే గుర్తుపడు తాళపుచెవిని చేయు పద్ధతి లోకమునకు వెల్లడియైనది మన పొరుగుననే. 1984 డిసెంబరులో బెంగుళూరునందు జరిగిన అంతర్జాతీయ సభకు అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ బెన్నెట్, కెనడా శాస్త్రజ్ఞుడు జిల్ బ్రస్సార్డు ఒక పత్రమును సమర్పించిరి. దానిని నేటికిని బి.బి.84 అని వ్యవహరింతురు. దీని బీజము స్టీఫెన్ వీస్నర్ ఊహించిన, దొంగనోటు చేయ వీలులేని కరెన్సీలో ఉన్నది. పాపము, ఆయన వ్యాసము పదేండ్లకు పైగా మూలబడి 1983 లో గాని అచ్చు కాలేదు.

పద్ధతి యిది. కాంతికణమునకు ధ్రువణమను ఒక దిశ కలదు. పంపువాడు ఒక్కొక్క కణమును నిలువు, అడ్డము అను జతలోగాని, రెండు ఏటవాలు దిశల జతలోగాని తోచినట్లు అమర్చి పంపును. అందుకొనువాడు ప్రతి కణమునకును ఏదో ఒక జతను ఎంచుకొని కొలుచును. పిమ్మట ఎవరు ఏ జతను వాడినదియు బహిరంగముగనే చెప్పుకొని, జతలు కలిసినచోటి ఫలితములను మాత్రము ఉంచుకొందురు. తాళపుచెవి వానినుండియే తయారగును. నడుమ పొంచియున్నవానికి సరియైన జత ఏదో తెలియదు. తప్పు జతతో కొలిచెనా, కణము మారిపోవును. వాడు ప్రతి కణమును ఇట్లు పట్టి తిరిగి పంపినచో, ఉంచుకొన్న ఫలితములలో నూటికి 25 తప్పులు పడును. కొన్నింటిని పోల్చి చూచుకొన్నచో దొంగతనము బయటపడును. తప్పులు నూటికి సుమారు 11 కు లోబడియున్నంతవరకు రహస్యమును వడగట్టి తీయవచ్చునని 2000 లో పీటర్ షోర్, జాన్ ప్రెస్కిల్ నిరూపించిరి. మాటాడుచున్నవాడు అసలు మిత్రుడే యని తెలిసికొనుటకు మాత్రము ఇరువురికిని ముందుగానే ఒక చిన్న రహస్యము ఉండవలెను. ఈ సంగతిని పొగడ్తలలో తరచుగా మరచెదరు.

నిరూపణ ఆదర్శపు కణమునకు వర్తించును. యంత్రము సంగతి వేరు. 1989 లో జరిగిన మొదటి ప్రయోగమున కణములు 32 సెంటీమీటర్ల గాలిలో ప్రయాణించినవి. ధ్రువణమును మార్చు పరికరమునకు విద్యుత్తునిచ్చు భాగములు, అమర్చిన దిశనుబట్టి వేరువేరుగా చప్పుడు చేసినవట! చెవిటి గూఢచారినుండి మాత్రమే తమ రహస్యము భద్రమని బ్రస్సార్డు తరువాత పరిహాసమాడెను. ఆ పరిహాసము 2010 లో నిజమే అయినది. ట్రాండ్‌హైమ్ పరిశోధకులు ప్రకాశవంతమైన కాంతితో, అమ్మకమునకు వచ్చిన యంత్రముల డిటెక్టర్లకు కన్ను కనబడకుండ చేసి, తప్పులేవియు పడనీయక తాళపుచెవిని సంగ్రహింపవచ్చునని చూపిరి. చెదరని కణముల నియమము చెదరలేదు. దానిని పసిగట్టు పెట్టెయే మోసపోయెను. అట్టి దాడులకు తట్టుకొను ఏర్పాట్లు తరువాత వచ్చినవి.

ఈ విద్య హైదరాబాదునకు 2020 డిసెంబరులో వచ్చినది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డి.ఆర్.డి.వో.) అచ్చటి తన రెండు ప్రయోగశాలలగు డి.ఆర్.డి.ఎల్., రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌ల నడుమ దీనిని నడిపి చూపెను. యంత్రమును బెంగుళూరు, ముంబయి ప్రయోగశాలలు రూపొందించినవి. కాంతిని మోయు గాజుపోగులో ధ్రువణము చెదరును గనుక, కణము వచ్చిన సమయమునందు సమాచారమును ఉంచు మార్గమును ఎన్నుకొనిరి. 12 కిలోమీటర్ల దూరమునకు, 10 డెసిబెల్‌ల నష్టమునకు, అనగా పది కణములు బయలుదేరి ఒక్కటి మాత్రమే చేరు స్థితికి, దీనిని పరీక్షించిరి. మూడవవాడు చొరబడినచో తెలియునా యని కూడ చూచిరి. 2022 ఫిబ్రవరిలో ఐ.ఐ.టి. ఢిల్లీతో కలిసి ప్రయాగరాజ్, వింధ్యాచల్ నడుమ 100 కిలోమీటర్లకు మించిన దూరమున ఇదే విద్యను చూపిరి.

అంతకు మించి దూరము పెరిగినకొలది కణములు గాజులోనే సన్నగిల్లిపోవును. టెలిఫోను తీగపైవలె నడుమ వానిని పెంచుటకు వీలులేదు. గూఢచారిని ఆపు నియమమే పెంచువానిని కూడ ఆపును. అందుచేత సుదూరమునకు దారిలో స్టేషనులు పెట్టి, ప్రతిచోట తాళపుచెవిని తీసి తిరిగి కొత్తగా పంపుచున్నారు. ఆ స్టేషనుల తలుపులకు మాత్రము ఇనుప తాళములే వేయవలసియున్నది.