జౌకు చేలు, మసీల్ హక్కు

చెరువు కింద సేద్యం సాగే ఓరుగల్లు సీమలో, వర్ధన్నపేట వంటి చోట్ల, నీరు చాలకపోవడం ఒక్కటే చిక్కు కాదు. కట్ట దిగువ మడులలో ఊట నిలిచి నేల జౌకు పడుతుంది. కాలు దిగబడుతుంది, అరక సాగదు, ఆరుతడి పైరు వేరు కుళ్ళుతుంది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కలు మాగాణిని ‘తరి’ అనీ, మెట్టను ‘ఖుష్కీ’ అనీ పారశీక పదాలతో విభజించాయి. జౌకు ఆ రెంటిలోనూ ఇమడదు. పై మడి రైతు గట్టు తెంపి నీరు వదిలితే కింది మడి మునుగుతుంది, తగవు అక్కడే.

ఈ తగవును హనఫీ ధర్మవేత్తలు శ్రద్ధగా విచారించారు. పొలానికి నీరు పెట్టుకొనే హక్కు ‘షిర్బ్’. ఉన్న నీటిని పరుని నేల గుండా వెళ్ళగొట్టుకొనే హక్కు ‘మసీల్’. దీనిని మురుగుకాలువ అని తెనిగిస్తే సగం అర్థమే దక్కుతుంది.

కాకతి రుద్రదేవుని కాలపువాడైన మర్గీనానీ (మరణం 1197) ‘హిదాయా’లో, దారిని విక్రయించవచ్చును గాని మసీల్‌ను విక్రయించరాదన్నాడు. దారికి పొడవు వెడల్పులు తెలుసు. నీరు ఎంత చోటు ఆక్రమించునో ఎవరికెరుక? జౌకు మడి గట్టున నిలిచినవానికి ఈ తర్కం వివరించనక్కరలేదు.

తుర్కీ ఉస్మానీ ప్రభుత్వం 1869–1876 మధ్య ప్రకటించిన ‘మజల్లా’ అనాదిగా ఉన్న మసీల్‌ను మన్నించాలన్నది. అయితే హాని ఎంత పాతదైనా హక్కు కాజాలదనీ అన్నది. ఇంటి మురుగును తాతలనాటి నుండి బాటమీదికే వదులుతున్నామన్న వాదం అందుకే చెల్లలేదు. కింది మడివాని మొరకు చోటిచ్చింది ఈ రెండవ నియమమే.