జాక్ కర్బీ పునరాగమనం

బొమ్మల కథలంటే మనలో చాలమందికి చందమామ గుర్తుకు వస్తుంది. అమెరికావారికి మాత్రం అది పెద్ద వ్యాపారం, కొంతవరకు పురాణం కూడా. ఆ పురాణంలో ఒక ఘట్టాన్ని గురించి చెప్పాలని ఈ టపా. బొమ్మల కథలు పిల్లల చదువేనని తలచే మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి.

1975లో జాక్ కర్బీ మార్వెల్ సంస్థకు తిరిగివచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు యాభైయెనిమిది. వచ్చి చేపట్టిన వాటిలో ఒకటి 'కెప్టెన్ అమెరికా' మాసపత్రిక. ఆ వీరుణ్ణి పుట్టించినవారిలో ఆయన ఒకడు కనుక, ఇది అద్దె ఇంటికి వెళ్ళడం వంటిది కాదు. తాను కట్టిన ఇంటికే, యాజమాన్యం మరొకరిదయ్యాక, కూలికి వెళ్ళడం వంటిది.

పూర్వకథ కొంత చెప్పాలి. కర్బీ 1917లో న్యూయార్కు నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో, బీద యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్. జో సైమన్ అనే మిత్రునితో కలిసి, ఆనాడు టైమ్లీ అనే పేరుతో ఉన్న సంస్థకు కెప్టెన్ అమెరికాను సమకూర్చాడు. మొదటి సంచికపై 1941 మార్చి అని అచ్చయినా, అది అంగళ్ళకు వచ్చింది 1940 డిసెంబరులోనే. ముఖచిత్రం మీద వీరుడు హిట్లరు దవడ మీద గుద్దుతూ ఉంటాడు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి అప్పటికింకా ఏడాది ఉంది! హిట్లరు అభిమానుల నుండి బెదిరింపులు వచ్చాయనీ, నగర మేయరు లా గార్డియా స్వయంగా రక్షణకు మాట ఇచ్చాడనీ సైమన్ తరువాత చెప్పుకున్నాడు. పది సంచికలు కాగానే, లాభాలలో తమ వాటా సరిగా రావడంలేదన్న అసంతృప్తితో ఇద్దరూ సంస్థను విడిచారు. తరువాత కర్బీ సిపాయిగా 1944లో నార్మండీ తీరాన దిగి, ఆ చలికాలంలో కాళ్ళు పాడుచేసుకొని తిరిగివచ్చాడు. కాగితం మీద గీసిన యుద్ధాన్ని కండ్లారా చూసినవాడన్న మాట.

1964లో స్టాన్ లీతో కలిసి, మంచుగడ్డలో నిద్రిస్తున్న ఆ వీరుణ్ణి మేల్కొలిపినదీ ఆయన చేయే. 1970లో మళ్ళీ అలక. ప్రత్యర్థి సంస్థయైన డీసీకి వెళ్ళి 'న్యూ గాడ్స్' మొదలైన స్వంత కల్పనలు చేశాడు. అవి అర్ధాంతరంగా ఆగిపోగా, తిరుగుప్రయాణం కట్టక తప్పలేదు. ఈసారి మాత్రం ఒక షరతు ఉంది: కథ, చిత్రం, సంపాదకత్వం మూడూ తనవే కావాలి. లీ పేరుతో పంచుకొనే పని ఇక లేదు.

ఆయన లేని ఆ అయిదేండ్లలో కథ ఎంతో దూరం నడిచింది. వాటర్‌గేట్ కాలంలో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ అనే రచయిత, ప్రభుత్వం మీద విశ్వాసం పోయిన వీరుడు తన పేరునే విడిచి 'నోమాడ్' అనే దేశదిమ్మరి అయినట్లు వ్రాశాడు. చదువుకున్న కుర్రకారుకు అది ఎంతో నచ్చింది. 1976 జనవరి తేదీ గల 193వ సంచికతో కర్బీ ప్రవేశించి వీటినేమీ పట్టించుకోలేదు. మన పరిభాషలో చెప్పాలంటే, నన్నయభట్టు తిరిగివచ్చి, తిక్కన ఎఱ్ఱనలు చేసినదంతా ప్రక్కకు నెట్టి, తాను ఆపిన అరణ్యపర్వంలోని పద్యం నుండి మళ్ళీ ఎత్తుకున్నట్లు! ఆ పని నన్నయ చేసినా మన పండితులు ఊరుకొనేవారా? అక్కడి పాఠకులూ ఊరుకోలేదు. ఉత్తరాల పేజీలలో నిష్ఠురాలు మొదలయ్యాయి. సంభాషణలు మొరటుగా ఉన్నాయన్నారు. సహవీరుడైన ఫాల్కన్‌కు మునుపటి రచయితలు కట్టిన స్వభావం చెదిరిందన్నారు. ఆ మాటలలో నిజం లేకపోలేదు. కర్బీ పాత్రలు మాట్లాడవు, ప్రకటనలు చేస్తాయి.

అయితే కథావస్తువు చూడండి. జనానికి మతి చలింపజేసి ఒకరినొకరు చంపుకొనేట్లు చేసే 'మ్యాడ్‌బాంబ్' అనే యంత్రం. దానిని చేయించినవారు పరదేశ శత్రువులు కారు; ప్రజాస్వామ్యం వద్దనీ, దొరల పాలన మళ్ళీ రావాలనీ కోరే స్వదేశీ ధనికులు. అది ప్రేలవలసిన ముహూర్తం 1976 జులై 4, అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది దినం. 200వ సంచికతో ఆ కథ ముగుస్తుంది. వాటర్‌గేట్ ఊసెత్తలేదని ఆక్షేపించినవారికి, స్వాతంత్ర్యానికి కీడు లోపలి నుండే వస్తుందని ఆయన చెప్పినది వినబడలేదేమో అని నా అనుమానం.

అదే ఏడు వెలువడిన పెద్ద ప్రతి 'బైసెంటెనియల్ బ్యాటిల్స్' నా దృష్టిలో ఇంకా గొప్పది. అందులో వీరుడు తన దేశ చరిత్రలో కాలాంతర ప్రయాణం చేస్తాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇతని దుస్తులు చూసి జెండాకు నమూనా తీసుకోవడం ఒక చమత్కారం. జెరోనిమో దగ్గరకూ, అణ్వస్త్ర పరీక్ష జరిగే చోటుకూ కూడా తీసుకుపోతాడు. పండుగ పుస్తకంలో ఆ పుటలు ఉండవలసిన అవసరం లేదు; అయినా పెట్టాడు.

1977లో ఆర్నిమ్ జోలా అనే ప్రతినాయకుణ్ణి సృష్టించాడు: తల ఉండవలసిన చోట యంత్రపు కన్ను, ముఖమేమో రొమ్ము మీద. మన కబంధుణ్ణి ఆయన ఎరుగునో ఎరుగడో కాని, చూడగానే నాకు అరణ్యకాండ మెదిలింది.

1977 అక్టోబరు నాటి 214వ సంచికతో ఆ పత్రికకు సెలవు చెప్పాడు. త్వరలో సంస్థనూ విడిచి, టెలివిజను కదిలేబొమ్మల పనిలో చేరాడు. అక్కడ జీతమూ మర్యాదా రెండూ మెరుగు.

అసలు తగవు ఆ తరువాతిది. తాను గీసిన మూలపత్రాలు తనకు ఇమ్మని అడిగితే, ఇతర చిత్రకారులకు ఒక చిన్న పత్రం మీద సంతకం చాలన్న సంస్థ, ఈయనకు మాత్రం హక్కులన్నీ వదులుకొనే నాలుగు పుటల దస్తావేజు పంపింది. ఆయన సంతకం చేయలేదు. సాటి చిత్రకారులూ రచయితలూ బాసటగా నిలువగా, 1987లో సుమారు పందొమ్మిదివందల పుటలు చేతికి వచ్చాయి. ఆయన ఆ సంస్థకు గీసినవి పదివేలకు పైమాటే. 1994 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. వారసుల దావా 2014 సెప్టెంబరులో, దేశపు అత్యున్నత న్యాయస్థానం దానిని స్వీకరించాలా వద్దా అని పరిశీలించబోయే తరుణంలో, రాజీతో ముగిసింది. ఆ రాజీ షరతులు బయటపెట్టలేదు.

ఈ సంచికలన్నీ సంపుటాలుగా మళ్ళీ అచ్చయ్యాయి. మిత్రులెవరికైనా దొరికితే, మొదటిసారి మాటలు చదువకుండా బొమ్మలు మాత్రమే చూస్తూ పుటలు త్రిప్పండి. రెండవసారి చదవండి.